ఎడమ దవడ పన్ను

లోస్ అల్గొదోనెస్,
జనవరి 29.

అంపారోకి,

అక్క ఒతీలియా రాస్తున్నది. ఈ ఉత్తరం నీకంటే ముందు మీ మఠం పెద్ద మదర్ రెఫూహియో గారి చేతికి వెళ్తుంది కాబట్టి వారికి ఇక్కడే నా నమస్కారాలు.

నిన్న నిన్నూ సిస్టర్ బ్రిహిదానూ వ్యాను ఎక్కించి క్లినిక్ లోపలికి వచ్చేసరికి ముగ్గురు అమెరికన్ ముసలివాళ్ళు నా కోసం ఎదురుచూస్తున్నారు. చలికాలం కదా, పళ్ళు బాగుచేయించుకోవడానికి సరిహద్దు దాటి వచ్చేవాళ్ళతో వీధంతా నిండిపోయింది. నీతో సరిగ్గా మాట్లాడలేదు. చెప్పవలసినవి నోటితో చెప్పానో లేదో నాకే గుర్తులేదు, అందుకని రాస్తున్నాను.

నీ పన్నుకు రెండు వేళ్ళు, వాటిలో నరం ఉండే దారులు మూడు. మూడింటినీ మా డాక్టర్ ఉర్కీదెస్ గారు శుభ్రం చేసి మూసేశారు. ఇక ఆ పన్నుకు నొప్పి తెలియదు. నొప్పి లేదు గదా అని బాగుందనుకోకు. పుచ్చు తీసేశాక లోపల సగానికి పైగా గుల్ల. చుట్టూ మిగిలిన గోడలు గుడ్డు పెంకులా ఉన్నాయి. పైన పెట్టింది తాత్కాలిక సిమెంటు. మూడు వారాల్లో వచ్చి క్యాప్ వేయించుకోవాలి. ఫిబ్రవరి 20, శుక్రవారం పదింటికి నీ పేరు రాశాను.

అప్పటిదాకా ఎడమవైపు నమలకు. కుడివైపు కింద నీకు పళ్ళే లేవు, కాబట్టి అన్నీ మెత్తగా చేసుకుని తినాలి. సిస్టర్లు ఏమైనా అనుకుంటారని మొహమాటపడకు. ఆ ఒక్క పన్ను పోతే నీకు నోట్లో నమలడానికి ఇంకో చోటు లేదని డాక్టరు గారు రెండుసార్లు అన్నారు.

పళ్ళు కలిపినప్పుడు ఎత్తుగా తగిలితే రాయి. తగలదులే.

నీ అక్క,
ఒతీలియా.


మెహికాలి మఠం,
ఫిబ్రవరి 9.

అక్కా,

నీ ఉత్తరం అందింది. నువ్వు చెప్పినట్టే చిక్కుడు గింజలు మెదిపి, తోర్తియా రొట్టె పులుసులో నానబెట్టి తింటున్నాను. సిస్టర్ బ్రిహిదా మాట్లాడుకునే వేళలో అందరికీ నా కథ చెప్పింది. డాక్టరు గారు నా నోట్లో రబ్బరు గుడ్డ కట్టి, దానికి చిల్లు పెట్టి, ఒక్క పన్నును మాత్రం బయటికి లాగారట, కిటికీలోంచి తల పెట్టిన మేకలా ఉందట. అందరూ నవ్వారు. మదర్ గారు కూడా.

నాకు నొప్పి లేదు. కొంచెం ఎత్తుగా ఉన్నట్టు ఉంటుంది. అన్నిటికంటే ముందు ఆ పన్నే తగులుతుంది. కానీ నువ్వు పళ్ళ మధ్య ఆ నీలం కాగితం పెట్టి చూసి సరిపోయిందన్నావు కదా, ఇరవై నాలుగేళ్ళుగా ఆ పనిలో ఉన్నదానివి, నాకే అలవాటు లేక అలా అనిపిస్తున్నదని ఊరుకున్నాను.

మిఠాయిల గదిలో ఊపిరాడటం లేదు. విభూది బుధవారం లోపు నలభై పెట్టెలు పంపాలి. వేరుశెనగ అచ్చులే పాతిక. ఇరవయ్యో తేదీకి మదర్ గారిని ఇంకా అనుమతి అడగలేదు. పని కాస్త తగ్గాక అడుగుతాను.

నీ కోసం రోజూ ప్రార్థిస్తున్నాను. నువ్వు నా కోసం అంత చేశావు.

అంపారో.


లోస్ అల్గొదోనెస్,
ఫిబ్రవరి 17.

అంపారో,

పొద్దున చర్చి వెనక నిరుటి మట్టల ఆదివారం మట్టలు రేపటి విభూది కోసం కాలుస్తున్నారు. ఆ పొగ చూస్తే అప్పుడు తట్టింది నాకు, ఇరవయ్యో తేదీ, రేపు మొదలై ఈస్టర్ దాకా సాగే తపస్సు కాలంలో పడుతుందని. మా క్లినిక్ క్యాలెండరులో అమెరికన్ల సెలవులే రాసి ఉంటాయి. కానీ నా బుర్రకేమైంది? తపస్సు కాలంలో మీకు బయటికి రావడం ఉండదు, ఉత్తరాలు ఉండవు, కటకటాల దగ్గర కలవడం ఉండదు. పంతొమ్మిదేళ్ళుగా తెలిసిన సంగతే.

మదర్ గారూ, దయచేసి వినండి. ఈ పన్ను ఈస్టర్ దాకా ఆగేది కాదు. ఒక్క పూటకి పంపించండి.

అంపారో, ఎత్తుగా ఉందని రాశావు. ఆ సంగతి నువ్వు వచ్చాక మాట్లాడుకుందాం. ఈ ఉత్తరం ఈ రోజే పోస్టులో వేస్తున్నాను. రేపటిలోగా చేరుతుందో లేదో.

ఒతీలియా.


మెహికాలి మఠం,
ఏప్రిల్ 7, ఈస్టర్ మంగళవారం.

అక్కా,

క్రీస్తు లేచాడు. నీ ఉత్తరం ఆదివారం పూజ తర్వాత నా చేతికి వచ్చింది. విభూది బుధవారం మర్నాడు చేరిందట. అప్పటికి ఉత్తరాల సొరుగు ఈస్టర్ దాకా మూసేశారు. నీదే కాదు, అందరి ఉత్తరాలూ అందులోనే ఉన్నాయి.

ఇప్పుడు రాయబోయేది మదర్ గారు చదువుతారు. అందుకని ముందు వారి దగ్గరికే వెళ్ళి చెప్పుకున్నాను. ఇక నీకు చెప్పాలి.

పన్ను విరిగింది. విరిగింది ఇప్పుడు కాదు, ఫిబ్రవరి 12న. వేరుశెనగ అచ్చులు కోసేటప్పుడు పళ్ళెం అంచుల్లో విరిగిన ముక్కలు మిగులుతాయి. వాటిని గేటు దగ్గరికి వచ్చే పిల్లలకి పెడతాం. అందులోంచి ఒక ముక్క తీసి నోట్లో వేసుకున్నాను. భోజనం వేళ కాదు, అనుమతి లేదు, ఎవరూ చూడలేదు. పొయ్యి దగ్గర పొద్దుటినుంచి నిలబడి ఉన్నాను, వాసనకి నోరూరింది. అంతకంటే కారణం ఏమీ లేదు. అది కుడివైపు నమలడానికి పళ్ళేవి? ఎడమవైపే కొరికాను. టక్కుమంది. పాకం విరిగిందనుకుని మింగేశాను. తర్వాత నాలుకతో తడిమితే లోపలి గోడ లేదు. మిఠాయితో పాటు నా పన్నును నేనే తినేశాను.

విభూది బుధవారానికి ఇంకా ఆరు రోజులుంది. చెప్పి ఉంటే పంపించేవారు. చెబితే ఎలా విరిగిందని అడుగుతారు. అందుకని నోరు మూసుకున్నాను. నలభై రోజులు అన్నం ఆ గుంటలో ఇరుక్కునేది. వాసన వచ్చేది. కీర్తనలు పాడేటప్పుడు పక్కనున్న సిస్టర్ మెల్లగా ముఖం అటు తిప్పుకునేది. పంటి చిగురు పెరిగి గుంటలోకి వచ్చేసింది. ఇదంతా నా తపస్సు అని దేవుడికి అర్పిస్తూ వచ్చాను. పవిత్ర శుక్రవారం సిలువను ముద్దుపెట్టుకోవడానికి వంగినప్పుడు, నా నోటి వాసన ఆ పాదాలకి తగులుతుందేమోనని ఊపిరి బిగపట్టాను. అప్పుడు తెలిసింది. సిగ్గుకి తపస్సు అని పేరు పెట్టుకున్నాను.

మదర్ గారు అంతా విని, వేరుశెనగదా నువ్వులదా అని అడిగారు. వేరుశెనగది అన్నాను. నువ్వులదైతే మెత్తగా ఉండేదిగా అన్నారు. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. అప్పుడు వారు నవ్వు ఆపేశారు.

“మిఠాయి తినడానికి నీకు అనుమతి లేదు, సరే. చెప్పకుండా ఉండటానికి నీకు అనుమతి ఎవరిచ్చారు?”

నువ్వు అంత జాగ్రత్తగా చేయించిన పనిని నేను తిండియావతో పాడుచేశాను. డాక్టరు గారికి ముఖం ఎలా చూపించను? నువ్వు ఆయన ముందు ఎలా నిలబడతావు? క్షమించు అక్కా.

అంపారో.


లోస్ అల్గొదోనెస్,
ఏప్రిల్ 14.

అంపారో,

ఈ ఉత్తరం నాలుగోసారి రాస్తున్నాను. మొదటి మూడూ నిన్ను ఓదారుస్తూ రాశాను. మూడింటిలోనూ అబద్ధం ఉంది, చింపేశాను.

మదర్ గారూ, ఇది మీరూ చదవాలి.

జనవరిలో ఆ రోజు సిమెంటు పెట్టాక డాక్టరు గారు పక్క గదిలోకి వెళ్తూ, కాగితం పెట్టి చూడు ఒతీలియా, మచ్చ పడితే నన్ను పిలువు అన్నారు. నేను నీలం కాగితం పెట్టాను. నువ్వు పళ్ళు కలిపావు. కాగితం తీసి చూస్తే సిమెంటు మీద, లోపలి గోడ పక్కన, ముదురు నీలం మచ్చ పడింది. మిగతా పళ్ళ మీద ఏమీ లేదు. అంటే నీ దవడ బరువంతా ఆ పెంకు మీదే పడుతున్నది. కొత్తగా పనిలో చేరిన పిల్లకైనా తెలుస్తుంది. ఆయన్ని పిలిస్తే ఒక్క నిమిషం గీకి సరిచేసేవారు. నేను దూదితో ఆ మచ్చ తుడిచేశాను. సరిపోయిందన్నాను నీతో. సరిపోయిందని ఆయనతోనూ అన్నాను.

నువ్వు నమిలింది ఒక ముక్క. ఆ గోడ అంతకుముందే రోజూ, నువ్వు ఊరికే నోరు మూసుకున్నప్పుడల్లా దెబ్బ తింటూనే ఉంది. అది విరగడానికి సిద్ధంగా ఉంది. మెత్తటి రొట్టెకైనా విరిగేది.

ఎందుకు పిలవలేదని అడుగుతావు. సాయంత్రం ప్రార్థన వేళకి మిమ్మల్ని చేర్చాలని సిస్టర్ బ్రిహిదా గడియారం చూస్తున్నది. మనుషులు ఎదురుచూస్తున్నారు. ఇవన్నీ నిజమే, కానీ అసలు సంగతి ఇది కాదు.

నువ్వు నోరు తెరిచినప్పుడు డాక్టరు గారు అద్దంతో ఒక్కో పన్నూ చూశారు. తర్వాత నా వైపు చూసి, ఈమె నీ సొంత చెల్లెలేనా అని అడిగారు. మామూలుగానే అడిగారు, చెడుగా కాదు. నాకు మాత్రం చెంపదెబ్బ తగిలినట్టయింది. ఇరవై నాలుగేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ పళ్ళు, పరాయి దేశం వాళ్ళ పళ్ళు శుభ్రంగా ఉంచే మనిషిని, నా చెల్లెలి నోరు అలా ఉంది. నల్లటి మొద్దులు, రాలిపోయిన చోట్లు. సహాయం చేసే ఇంకో అమ్మాయి కూడా చూసింది. నేను సిగ్గుపడ్డాను, అంపారో. నిన్ను చూసి. నువ్వు త్వరగా నోరు మూసుకుని, త్వరగా ఆ కుర్చీ దిగి వెళ్ళిపోవాలని కోరుకున్నాను. ఆయన్ని మళ్ళీ పిలిస్తే నువ్వు మళ్ళీ నోరు తెరవాలి.

ఇంకొకటి ఉంది. ఫిబ్రవరి 19న మఠానికి ఫోన్ చేశాను. సిస్టర్ బ్రిహిదా ఎత్తింది. తపస్సు కాలంలో అత్యవసరమైతేనే మదర్ గారికి చెబుతాను, అత్యవసరమా అంది. అవునంటే ఎందుకని అడుగుతారు, ఆ మచ్చ సంగతి బయటపడుతుంది. కాదన్నాను.

ఇవి పాపసంకీర్తనంలో ఫాదర్ గారికి చెప్పాను. ఆయన నీకు చెప్పమన్నారు. డాక్టరు గారికి చెప్పే ధైర్యం ఇంకా రాలేదు.

ఒతీలియా.


మెహికాలి మఠం,
ఏప్రిల్ 18.

అక్కకి,

24న శుక్రవారం తొమ్మిదింటికి వస్తాం. మదర్ గారు అనుమతి ఇచ్చారు.

నేను ఆ కుర్చీలో కూర్చోకముందే నువ్వు డాక్టరు గారికి చెప్పాలి. ముగ్గురున్న గదిలో ఇద్దరికే తెలిసిన సంగతి ఉంటే నేను నోరు తెరవలేను.

పన్ను గురించి నాకు కోపం లేదు. నువ్వు నన్ను చూసి సిగ్గుపడ్డ సంగతి గురించి ఏమి రాయాలో ఇంకా తెలియలేదు. పరలోక ప్రార్థనలో, మేము ఇతరులను క్షమించినట్టు అన్న మాట దగ్గర రెండు రోజులుగా ఆగిపోతున్నాను. ఎందుకో నీకు తెలుసు.

అంపారో.

సెన్యోరా ఒతీలియా గారికి: మీ చెల్లెలు తిన్న ముక్కకి ఆమెకి ఇవ్వవలసిన శిక్ష ఇచ్చాను, అయిపోయింది. ఫిబ్రవరిలో ఫోన్లో మీరు కాదన్నారని సిస్టర్ బ్రిహిదా తర్వాత చెబితే, నమ్మి నేనూ ఏమీ అడగలేదు. అడగవలసింది. తప్పకుండా చెప్పండి. — రెఫూహియో.


లోస్ అల్గొదోనెస్,
ఏప్రిల్ 21.

అంపారో,

చెప్పాను.

నిన్న మధ్యాహ్నం, పరికరాలు కడిగే గదిలో. ఆయన చేతులు కడుక్కుంటున్నారు. జనవరిలో మా చెల్లి పన్ను మీద మచ్చ పడింది, నేను తుడిచేశాను, మిమ్మల్ని పిలవలేదు అన్నాను. అంతకంటే పెద్ద వాక్యం నోట రాలేదు. ఆయన కుళాయి కట్టేసి చాలాసేపు తువ్వాలుతో చేతులు తుడుచుకున్నారు. అరుస్తారనుకున్నాను, అరిస్తే బాగుండును.

“ఇరవై నాలుగేళ్ళలో ఇలాంటివి ఎన్ని?”

ఒక్కటే అన్నాను. ఆయన తలూపి వెళ్ళిపోయారు. నేను పళ్ళెం సర్దుతుంటే ఇంకొకటి గుర్తొచ్చింది. ఆరేళ్ళ కిందట, సరిహద్దు అవతల యూమా నుంచి వచ్చిన ఒక పెద్దాయన. ఆయన నన్ను కసురుకున్నాడు, నేను మచ్చ తుడిచేసి తొందరగా వదిలించుకున్నాను. వెళ్ళి చెప్పాను, రెండు అని. తలుపు దగ్గర నిలబడి చెప్పాను. అప్పుడు ఆయన మొదటిసారి నా ముఖంలోకి చూశారు. రెండోది కూడా చెప్పావు కాబట్టి నిన్ను పంపించను అన్నారు. కానీ ఇకనుంచి కాగితం ఆయనే పెడతారు. నేను అందివ్వడం వరకే.

ఈ రోజు పొద్దుటినుంచి తొమ్మిది మందికి అలాగే జరిగింది. నేను కాగితం అందిస్తాను, చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడతాను. నాతో పనిచేసే చిన్న అమ్మాయి, ఏమైంది అక్కా అని అడిగింది. చెప్పాను. ఆమెకీ తెలియాలి.

నీ పన్ను గురించి ఆయన ఏ మాటా ఇవ్వలేదు. రెండు నెలలు తెరిచి ఉంది కాబట్టి ఉమ్ము లోపలికి దిగి ఉంటుంది, మూడు దారులూ మళ్ళీ తెరవాలట. విరిగిన అంచు చిగురు కిందికి పోయి ఉంటే చిగురు కొంత కోసి దింపాలట. చుట్టూ బియ్యపు గింజ మందాన గట్టి పన్ను బయటికి కనిపించాలి, క్యాప్ పట్టుకునేది దాన్నే. ఆ అంచు దొరకకపోతే పీకేయడమే. పీకడం సులువు, నిలబెట్టడానికి ప్రయత్నిద్దాం అన్నారు.

నువ్వు వచ్చేటప్పుడు నేను గదిలో ఉండాలా వద్దా? నీకు వద్దనిపిస్తే చిన్న అమ్మాయిని పెడతాను. సిస్టర్ బ్రిహిదాతో ఫోన్లో చెప్పించినా చాలు.

ఒతీలియా.


మెహికాలి మఠం,
జూన్ 9.

అక్కా,

ఇన్నాళ్ళూ రాయలేదు. మూడుసార్లు వచ్చాను, ప్రతిసారీ నువ్వు గదిలో ఉన్నావు, ఉండమన్నది నేనే. కానీ నోట్లో చేతులుండగా మనం ఏం మాట్లాడుకుంటాం? ఇప్పుడు రాస్తాను.

మొదటిసారి చిగురు కోసినప్పుడు నాకు నొప్పి తెలియలేదు, రక్తం వాసన తెలిసింది. ఆయన సన్నటి కొలబద్దతో పన్ను చుట్టూ తడుముతూ ఒక్కో చోటా అంకె చెబుతున్నారు, నువ్వు రాసుకుంటున్నావు. నాలుక వైపు వచ్చేసరికి ఆయన ఆగారు. నాకు పైన నీ కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి, కింద ముఖానికి గుడ్డ ఉంది. నేను ఆ కళ్ళనే చూస్తూ ఉన్నాను. ఆయన “ఉంది, సన్నగా ఉంది, కానీ చుట్టూ ఉంది” అన్నప్పుడు నువ్వు కళ్ళు మూసుకున్నావు. ఆ అంకె రాయడం మరిచిపోయావు, ఆయన మళ్ళీ చెప్పారు.

రెండోసారి లోపల గాజునార పుల్ల నిలబెట్టి, చుట్టూ తెల్లటి ముద్ద నింపి, నీలం దీపం పెట్టి గట్టిపరిచారు. ఒక్కో పొరా పెట్టి దీపం, మళ్ళీ పొర, మళ్ళీ దీపం. నువ్వు దీపం పట్టుకున్నావు. ఇంట్లో గోడ కట్టేవాళ్ళని కూర్చుని చూసినంతసేపు పట్టింది.

మొన్న శుక్రవారం క్యాప్ పెట్టి ఆయన కాగితం పెట్టారు, ఎలా ఉందమ్మా అన్నారు. ఎత్తుగా ఉంది అన్నాను. గీకారు. ఇప్పుడు? ఇంకా ఎత్తుగా ఉంది. మళ్ళీ గీకారు. నాలుగోసారికి సరిపోయింది. సిస్టర్ బ్రిహిదా దారంతా, అంత పెద్ద డాక్టరుని నాలుగుసార్లు వంచావు, సన్యాసినివి, కాస్త ఓర్పు ఉండక్కర్లేదా అని సతాయించింది. అక్కా, జనవరిలో కూడా అది ఎత్తుగానే ఉంది. నాకు తెలిసింది. నువ్వు సరిపోయిందనగానే నేను తలూపాను. నాకూ అక్కడి నుంచి త్వరగా వెళ్ళిపోవాలనే ఉంది, ఎందుకంటే నువ్వు నన్ను చూసి సిగ్గుపడుతున్నావని నాకు ఆ రోజే అర్థమైంది. నీ ఉత్తరం వచ్చాక నాకు కోపం వచ్చింది నువ్వు సిగ్గుపడ్డందుకు కాదు. అది నా భ్రమే అయ్యుంటుందని రెండున్నర నెలలు నన్ను నేను నమ్మించుకున్నాను. నువ్వు నిజం రాసి ఆ భ్రమ తీసేశావు. కొన్నాళ్ళు దానికే కోపం. ఇప్పుడు ప్రార్థన మధ్యలో ఆగకుండా చివరిదాకా చెబుతున్నాను. కొన్ని రోజులు గట్టిగా చెప్పాలి, అంతే.

ఆదివారం కాల్చిన మొక్కజొన్న పెట్టారు. కంకి మీద నుంచే తిన్నాను, ఎడమవైపు.

ఇప్పుడు అసలు పని. నిన్న మాట్లాడుకునే వేళలో మదర్ గారు, ఎవరికైనా పన్ను బాధ ఉందా అని అడిగారు. ఎవరూ చెయ్యెత్తలేదు. పదకొండు మందిమి, అందరం తలలు దించుకుని కుట్టుపని చేసుకుంటున్నాం. నేను లేచి మధ్యలోకి వెళ్ళి నోరు తెరిచాను. పంతొమ్మిదేళ్ళలో ఎవరి ముందూ నేను అలా చేయలేదు. కొత్త క్యాప్ చూపించాను, తర్వాత మిగతావన్నీ చూపించాను, నల్లవి, లేనివి. సిస్టర్ బ్రిహిదా మొదట చెయ్యెత్తింది. అక్కా, ఆమె మూడు నెలలుగా ఒక పన్ను కింద లవంగం పెట్టుకుని నన్ను వ్యానులో తిప్పుతోంది. తర్వాత ఇంకా నలుగురు. చివరికి మదర్ గారు కూడా.

డాక్టరు గారిని అడుగు, ఆరుగురిని ఎప్పుడు తీసుకురమ్మంటారో. చలికాలం వాళ్ళు లేరు కదా, వేసవిలో మీకు ఖాళీ ఉంటుందన్నావు. అడిగేటప్పుడు మా నోళ్ళు ఎలా ఉంటాయో ముందే చెప్పు, ఏదీ తగ్గించి చెప్పకు. సిస్టర్ ఎలోయీసా నోరు నా దానికంటే ఘోరంగా ఉంది. ఆమెకి డెబ్భై నాలుగేళ్ళు, కుర్చీలో కూర్చోబెట్టాక నోరు తెరవడానికి చాలాసేపు పడుతుంది. ఆమె తెరిచినప్పుడు నువ్వు పక్కన నిలబడు. ఆమె నీ కళ్ళే చూస్తుంది.

అంపారో.